బ్రేకుప్యాడ్ల యాయుర్దాయము

కారు గలవా రిరువురు కలిసికొన్నచో, లీటరు పెట్రోలున కెన్ని కిలోమీటర్లు వచ్చుచున్నదని మొదట నడుగుకొందురు. పిదప టైర్ల ధరలు, బీమా రుసుములు. బ్రేకులను గూర్చి ముచ్చటించువారు మిక్కిలి యరుదు. అవి పనిచేయుచున్నంతకాలము వాని యునికియే మనకు దెలియదు. మేమును బహుకాల మట్టివారిలోనే చేరియుంటిమి. ఇప్పుడు మాత్రము బ్రేకుప్యాడ్ల మాట యెత్తినవారిని మేము త్వరగా విడిచిపెట్టమని మా సహోపాధ్యాయులు నవ్వుచుందురు. అందులకు గల కారణమును ఈ సంచికలో వ్రాయవలసినదని మా విద్యార్థులే కోరిరి. ఆ కథలో వారికిని భాగము కలదు.

మాయొద్ద నొక నోటుపుస్తకము కలదు. కారు కొన్ననాటనుండి పోయించిన పెట్రోలు, మార్పించిన ఇంజనాయిలు, వేయించిన టైర్లు మొదలగునవన్నియు తేదీలతోను కిలోమీటర్లతోను అందు వ్రాసి యుంచితిమి. లెక్కలు చెప్పువాని కారునకు అట్టి పుస్తకముండుట వింత గాదు. ముందుచక్రముల బ్రేకుప్యాడ్లు మొదటిసారి 48,000 కిలోమీటర్లకు మార్చబడినట్లు అందు ఎఱ్ఱసిరాతో వ్రాయబడియున్నది. కావున రెండవమారు వేయించినవియు 48,000 వచ్చునని నిశ్చయించుకొంటిమి. ఒక్క యుదాహరణమును బట్టుకొని సూత్రము కట్టరాదని తరగతిలో ప్రతి సంవత్సరమును గట్టిగా బోధించువారమే మేము!

బ్రేకుప్యాడ్లెంతకాలము మన్నునని పదిమందిని అడిగినచో పదివిధముల జవాబులు వచ్చును. ఒకరు 30,000 కిలోమీటర్లందురు, వేఱొకరు 70,000 అందురు. ఇందెవ్వరును అసత్య మాడుటలేదు. ముందుచక్రముతోపాటు తిరుగు నొక యినుపపళ్లెము గలదు. దానికి డిస్కు అని పేరు. దాని కిరుప్రక్కల నొక్కొక్క ప్యాడు. మనము పెడలు నొక్కగానే గొట్టములలోని ద్రవము ఆ యొత్తిడిని గొనిపోయి కాలిపరను సాధనముచే ప్యాడ్లను పళ్లెమునకు నొక్కిపట్టును. క్రొత్తప్యాడుమీది రాపిడిపదార్థము సుమారు 10 మొదలు 12 మిల్లీమీటర్ల మందముండును. అది 3 మిల్లీమీటర్లకు దిగినప్పుడు మార్చుట మేలు. అనగా ఎన్నివేల కిలోమీటర్లని మన మడుగునదంతయు ఆ యేడెనిమిది మిల్లీమీటర్ల మాటయే. అవి దూరముచే నరుగవు, ఆపుటచే నరుగును.

ఈ యాపుటయను పనిలోని భారమును లెక్కవేసి చూడవచ్చును. 1,000 కిలోగ్రాముల బరువుగల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోవునప్పుడు దానియందలి గతిశక్తి సుమారు 1,39,000 జౌలులు. వేగము 30 అయినచో 35,000 మాత్రమే. వేగము సగమైన శక్తి నాల్గవవంతగును. బ్రేకు వేసినప్పుడు ఈ శక్తి యంతయు వేడిమిగా మాఱి ప్యాడ్లలోను పళ్లెములోను జేరును. అందును ముందుచక్రములదే పెద్దపాలు. ఆపునప్పుడు కారుబరువు ముందునకు మొగ్గును గదా. కనుకనే చిన్నకార్లలో వెనుకచక్రముల డ్రమ్ములలోనుండు బ్రేకుషూలు చాలకాలము మన్నును. తిన్నని రాజమార్గమున గంటసేపు పోయినవాడు పదిసారులైన బ్రేకు తొక్కడు. బజారులో సంతనాడు పోయినవాడు అరమైలులో ఇరువదిసారులు తొక్కును. విద్యుత్కార్లలో మోటారే కొంత వేగమును త్రాగివేసి మఱల బ్యాటరీకి బంపును గావున వానిప్యాడ్లు మఱింత మన్నును. మా కారునకు ఆ భాగ్యము లేదు.

బ్రేకులరిగి దారిలో నిలిచిపోవుట మాకే మొదలు గాదు. 1888 ఆగస్టులో బెర్తాబెంజి యను నామె తన యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్త కనిపెట్టిన మూడుచక్రముల మోటారుబండిలో జర్మనీదేశమున మాన్‌హైమునుండి ఫార్జ్‌హైమునకు బయలుదేఱెను. నూఱు కిలోమీటర్లకు మించిన దారి. త్రోవలో కొయ్యబ్రేకులరిగిపోగా ఆమె యొక చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు తాపడము చేయించెను. నేటి ప్యాడ్లకు అదియే తొలిరూపమని పలువు రందురు. పిల్లలను బండిలో నుంచుకొని వాలున దిగుచున్న ఆ తల్లికి బ్రేకుల విషయమై కలిగిన తలపెట్టిదో మాకు 2024 జనవరిలో బాగుగా దెలిసివచ్చినది.

ఆ నెలలో నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని హార్సిలీకొండకు బోయితిమి. మదనపల్లెకు సమీపమున 4,000 అడుగులకు పైబడిన యెత్తుగల యీ కొండ తొలిపేరు ఏనుగు మల్లమ్మకొండ. కడప కలెక్టరైన హార్సిలీదొర దీనిని వేసవివిడిదిగా నెంచుకొనుటచే ఈ క్రొత్తపేరు వచ్చినది. పిల్లలు నీలగిరిచెట్ల నీడన దెచ్చుకొన్న పులిహోర తిని సాయంకాలమువఱకు ఆడుకొనిరి.

ఇక్కడ నొకమాట యొప్పుకొనవలెను. ఆ ప్రయాణమునకు రెండువారముల ముందునుండియే ముందరి యెడమచక్రమునుండి కిచకిచమని సన్ననిధ్వని వచ్చుచుండెను. ప్యాడు మిక్కిలి యరిగినప్పుడు పళ్లెమునకు దగిలి కూయవలెనని తయారుచేయువా రందు చిన్న యినుపరేకును అమర్చుదురు. ఆ సంగతి మాకు దెలియనిది గాదు. కాని నోటుపుస్తకము తెఱచి చూడగా రెండవమారు వేయించినవి నడిచినది 27,000 మాత్రమే. ఇంక 21,000 మిగిలియుండగా ఈ కూత దుమ్ముచేతనే కావలెనని తేల్చితిమి. అయినను మనస్సు నిలువక ఫోనుదీపము వేసి చక్రముసందులలోనుండి చూచితిమి. ప్యాడు 4 మిల్లీమీటర్లున్నట్లు కనబడెను. పుస్తకమును కన్నును ఏకమైన తరువాత చెవిమాట వినువా రెవ్వరు?

దిగునప్పుడు పెట్రోలు కలిసివచ్చునని నాల్గవగేరులోనే యుంచి, పాదమును బ్రేకుమీదనే పెట్టుకొని వచ్చితిమి. వేయి కిలోగ్రాముల కారు 500 మీటర్ల యెత్తునుండి దిగినచో బ్రేకులమీద బడగల వేడిమి 49 లక్షల జౌలులు. గంటకు 60 కిలోమీటర్ల వేగమునుండి వరుసగా 35 సారులు ఆపినట్లు! ఈ లెక్క మేము తరువాత వేసినది. అప్పుడు మాకు దెలిసినది మాడువాసన మాత్రమే. సగముదారిలో కిచకిచ పోయి గరగరమను మోత వచ్చెను. మఱి రెండుమలుపులు తిరుగునప్పటికి పెడలు మెత్తబడి, తడిసినమట్టిమీద గాలు పెట్టినట్లు లోనికి దిగిపోయెను. కారు నిలువలేదు.

వెనుకనుండి పిల్లలు పాడుచున్న పాట ఆగిపోయెను. వారితో మే మేమియు జెప్పలేదు. వెనుకకు తిరిగి చూడనులేదు. పెడలు పదేపదే తొక్కుచు మూడవగేరునకును, రెండవదానికిని దింపగా ఇంజను బొబ్బరించెను. హ్యాండుబ్రేకును కొంచెముకొంచెముగా లాగుచు లోయవైపు గాక కొండవైపునకు త్రిప్పితిమి. కంకరలో రెండుచక్రములు దిగబడి కారు నిలిచెను. లోయవైపు గోడ మాకు కుడిచేతివైపున పదియడుగుల దూరమున నుండెను. ఆ పదియడుగులను మేము నేటికిని మఱువలేదు.

కొంతసేపటికి వారిలో మిక్కిలి చిన్నవాడు “సార్, మేము దిగి నడిచిపోదుమా?” అని మెల్లగా నడిగెను. పొగలు గ్రక్కుచున్న చక్రముమీద పోయుటకై మఱియొకడు నీళ్లసీసా తెచ్చెను. వెనుక వచ్చుచున్న లారీడ్రైవరొకడు అది చూచి దిగివచ్చి, “వద్దు బాబూ! కాగిన పళ్లెముమీద నీళ్లు పోసినచో వంకరపోవును, పగులనుబగులును. అదే చల్లాఱవలెను” అని వారించెను. మమ్ము జూచి, “ఏ గేరులో నెక్కితిరో ఆ గేరులోనే దిగవలెనయ్యా” అని మాత్ర మనెను. పిల్లలయెదుట నాతడంతకంటె నేమియు ననకుండుట యాతని మర్యాద. తరువాత వచ్చిన బస్సులో పిల్లలను బంపివేసితిమి. చక్రములు చల్లాఱి పెడలు కొంత గట్టిపడినపిదప మేమొక్కరమే మొదటిగేరులో నడకవలె దిగి, కొండమొదట మేస్త్రీకై వేచియుంటిమి.

మేస్త్రీ చక్రము విప్పి ప్యాడ్లు రెండును మాచేతిలో బెట్టెను. వెలుపలిదానిపై 4 మిల్లీమీటర్లున్నమాట నిజమే. లోపలిదానిపై నేమియు లేదు, ఉత్త యినుపరేకు. అది పళ్లెమును నాగటిచాలువలె గీసియుండెను. కాలిపరు ఇటునటు జరుగుటకై యుండు పిన్నుల గ్రీజు ఎండిపోయి అవి బిగుసుకొనగా, లోపలి ప్యాడొక్కటే బరువంతయు మోసినది. చక్రముసందులలోనుండి చూచువానికి వెలుపలిది మాత్రమే కనబడును! పెడలు మెత్తబడుటకు కారణము వేఱు. బ్రేకుద్రవము గాలిలోని తేమను బీల్చుకొనును. డాట్ 3 రకపుద్రవము క్రొత్తదైనచో 205 డిగ్రీల సెల్సియసువఱకైనను మరగరాదని నియమము. తేమ పట్టినదానికి 140 డిగ్రీలే నియమము. మరగినద్రవమందు ఆవిరిబుడగలు పుట్టును. బుడగలు నొక్కుకొనిపోవునే గాని యొత్తిడిని గొనిపోవు. రెండేండ్లకొకమారైన ద్రవము మార్చవలెనని మేస్త్రీ చెప్పగా మేము నోటుపుస్తకమంతయు దిరుగవేసితిమి. ఐదేండ్లలో ఆ మాటయే అందు లేదు.

మేస్త్రీ వెలుపలి ప్యాడును అటునిటు త్రిప్పిచూచి, “ఇల్లు మారినారా, మాస్టరుగారూ?” అని యడిగెను. మేము నిర్ఘాంతపోయితిమి. జాతకములయందు మాకు నమ్మకము లేదు గాని, ఇది జాతకము చెప్పినట్లే యుండెను. మునుపు మేము రాజమార్గపు ప్రక్కపల్లెలో గాపురముండి దినమునకు 30 కిలోమీటర్లు సాఫీగా వచ్చి పోయెడివారము. పట్టణములోనికి మారినపిమ్మట బడి 4 కిలోమీటర్లే గాని అందు స్పీడుబ్రేకర్లు 11, ఆటోలు లెక్కలేనన్ని. ఆ రాత్రి కూర్చుండి లెక్క వేసితిమి. మొదటివి 48,000 కిలోమీటర్లకు 10 నుండి 3కు దిగినవి. అనగా మిల్లీమీటరునకు సుమారు 6,850. రెండవవానిలో బాగున్న వెలుపలిప్యాడే 27,000కు 10 నుండి 4కు దిగినది. మిల్లీమీటరునకు 4,500 మాత్రమే. పిన్నులు సవ్యముగా నున్నను అది 31,500కు మించి వచ్చెడిది కాదు. పుస్తకములో ఎఱ్ఱసిరాతో వ్రాసిన సంఖ్య కారుది గాదు, మా పాతయింటిది.

ఆ యరిగిన లోపలి ప్యాడు ఇప్పుడు ఉపాధ్యాయుల గదిలో మా బల్లమీద కాగితము లెగురకుండ నుంచబడియున్నది. తనిఖీకి వచ్చినవారు దాని నేమని యడిగినప్పుడు ఒక్కొక్కమారు చెప్పుదుము, ఒక్కొక్కమారు చెప్పము. నోటుపుస్తకములో కిలోమీటర్ల వరుసప్రక్క మిల్లీమీటర్ల వరుస యొకటి గీచితిమి. మేస్త్రీ టైర్లను ముందువి వెనుకకు మార్చునప్పుడు ఆ నలుగురు విద్యార్థులును ప్రయోగశాలలోని వెర్నియరు కాలిపర్సు తీసికొని షెడ్డునకు వత్తురు. కొలుచువారు ముగ్గురు, నడిచిపోదుమా యని యడిగిన చిన్నవాడు వ్రాయును. కడపటి కొలత 10,000 కిలోమీటర్లది: ఎడమచక్రము, వెలుపల 8.2, లోపల 8.1.