దొంగ కోరేది మన మౌనమే

ఒకప్పుడు ఎన్నో ఊళ్ళ పిల్లలు మార్కాపురం పలకల మీదే అ ఆలు దిద్దారు. బడి పలకలకు గిరాకీ తగ్గాక అదే రాయి గోడలకూ నేలకూ టైల్స్‌గా తయారై దూరదేశాలకు కూడా వెళ్తోంది. కారోబార్‌తో పాటు హిసాబ్ తీరూ మారింది. మన బుజుర్గుల జమానాలో మనిషి ముఖం చూసి, గొంతు విని, సంతకం పోల్చి డబ్బు ఇచ్చేవారు. ఇప్పుడు రేటు వాట్సాప్‌లో వస్తుంది, బిల్లు ఈమెయిల్‌లో వస్తుంది, డబ్బు ఫోన్‌లోంచే వెళ్ళిపోతుంది. ముఖం లేదు, గొంతు లేదు. భరోసా ఒక్కటే మిగిలింది. ఈ కాలపు చోర్ల కన్ను ముందుగా పడేది దాని మీదే.

సైబర్ దాడులు పెద్ద కంపెనీలకే జరుగుతాయని మనవాళ్ళ ఖయాల్. "మన దగ్గర దోచుకోవడానికి ఏముంది భాయ్" అంటారు. మా మామూ కొడుకు కూడా అలాగే అనేవాడు. నేను భాయ్‌జాన్ అని పిలుస్తాను. మార్కాపురంలో రాయి కోసే చిన్న యూనిట్ నడుపుతాడు. కటింగ్ బ్లేడ్లు వేరే రాష్ట్రంలోని ఒక వ్యాపారి దగ్గర తెప్పిస్తాడు. ఏళ్ళ నాటి లావాదేవీ, ఎప్పుడూ మాట తేడా రాలేదు. ఒక రోజు ఆ వ్యాపారి పేరుతో ఈమెయిల్ వచ్చింది. పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈసారి బిల్లు డబ్బు ఈ కొత్త ఖాతాకు పంపండి అని. బిల్లు నంబరు సరిగ్గా ఉంది, మొత్తమూ సరిగ్గా ఉంది. లెక్కలు చూసే అమ్మాయి లక్షా ఎనభై వేలు పంపేసింది.

మూడో రోజు అసలు వ్యాపారి ఫోన్ చేసి డబ్బు ఇంకా రాలేదేమిటని అడిగాడు. అప్పుడు మెయిల్ మళ్ళీ తెరిచి చూస్తే, చిరునామాలో ఇంగ్లీషు ఎల్ అక్షరం ఉండాల్సిన చోట ఒకటి అంకె ఉంది. ఇద్దరిలో ఎవరిదో ఒకరి మెయిల్ పాస్‌వర్డ్ ముందే దొంగల చేతికి చిక్కి ఉండాలి. ఇలాంటి వాళ్ళు వచ్చీ రాగానే చెయ్యి పెట్టరు. వచ్చే పోయే ఉత్తరాలన్నీ చదువుతూ, బిల్లు కట్టే రోజు కోసం కాచుకుని ఉంటారు.

నన్ను బాధపెట్టింది ఆ తర్వాత జరిగింది. ఆ అమ్మాయి "అన్నా, వాళ్ళ మెయిలే అనుకున్నాను" అంటూ ఏడుస్తోంది. రేపటి నుంచి పనిలోకి రావద్దనే మాట భాయ్‌జాన్ నోటి దాకా వచ్చింది. పోలీసు, బ్యాంకు అన్న మాటే వద్దన్నాడు. బజార్లో తెలిస్తే ఇజ్జత్ పోతుంది, రేపు ఎవరు అరువు ఇస్తారు అని అతని ఫికర్. చివరికి ముమానీ గట్టిగా కసిరింది: "దొంగతనం వాడు చేస్తే ముఖం నువ్వు దాచుకుంటావేంట్రా?" అప్పుడు 1930కి ఫోన్ చేశారు. కొంత డబ్బు ఒక ఖాతాలో ఆగి దొరికింది. ఎక్కువ భాగం అప్పటికే చేతులు మారిపోయింది.

ఆ అమ్మాయిని పంపించేస్తే దొంగకు దారి మూసినట్టేనా? హైదరాబాద్‌లోని మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంక్ కథ వింటే జవాబు దొరుకుతుంది. 2022 జనవరిలో హ్యాకర్లు ఆ బ్యాంకు సర్వర్లలోకి దూరి రూ. 12 కోట్లకు పైగా సొమ్మును వందకు మించిన ఖాతాల్లోకి మళ్ళించారు. పోలీసుల దర్యాప్తులో తేలిందేమంటే, 2021 నవంబర్‌లోనే ఉద్యోగులకు 200కు పైగా నకిలీ ఈమెయిళ్ళు వచ్చాయి. ఇద్దరు తెరిచారు. దొంగలకు అది చాలు. రెండు వందల్లో ఇద్దరు పొరబడటం ఏ ఆఫీసులోనైనా జరిగేదే. ఆ ఇద్దరు పొరబడినా ఖజానా దాకా దారి పడకూడదు కదా! భద్రతా ఏర్పాట్లలో లోపాలున్నాయని 2023లో రిజర్వ్ బ్యాంక్ ఆ బ్యాంకుకే రూ. 65 లక్షల జుర్మానా వేసింది. జవాబుదారీ తాళం పెట్టాల్సిన వాడిది.

మన దుకాణ్‌లో ఆ తాళం ఎలా ఉండాలి? ఖాతా నంబరు మారిందని ఎవరు రాసినా, మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు విని అడగాలి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేస్తే ఎత్తేది దొంగే. పెద్ద మొత్తం ఏదైనా ఒకరు రాసి, మరొకరు చూసి పంపాలి. ఇది షక్ కాదు. అప్పు లావాదేవీని రాసుకోమని, గవాహీ పెట్టుకోమని ఖురాన్ షరీఫ్‌లోని అతి పొడవైన ఆయత్ చెబుతుంది. రాతా గవాహీ ఉంటే ఇద్దరి భరోసా పదిలం.

ఈమెయిల్‌కీ వాట్సాప్‌కీ రెండంచెల తాళం పెట్టుకోవాలి. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదని గిద్దలూరు కిరాణా కొట్టులో కూర్చునే చిన్నపిల్లాడికి కూడా నేర్పాలి. చలానా అనీ, పెళ్ళిపత్రిక అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు నొక్కకూడదు. కంప్యూటర్ అప్‌డేట్ అడిగితే వాయిదా వేయకూడదు. 2017 మేలో వన్నాక్రై మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లను కూడా పట్టుకుంది. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. హిసాబ్ నకలు ఒకటి విడి హార్డ్ డిస్క్‌లో వేసి, వైరు పీకి బీరువాలో పెట్టండి. కంప్యూటర్‌కు తగిలించి ఉంచిన నకలుకు కూడా అది తాళం వేసేస్తుంది.

ఇన్ని చేసినా ఏదో ఒక రోజు ధోఖా జరగవచ్చు. అప్పుడు గంటలే కీమతీ. 1930కి చెప్పగానే ఆ సమాచారం బ్యాంకులకు చేరుతుంది, డబ్బు ఏ ఖాతాలో ఉంటే అక్కడ ఆపే ప్రయత్నం మొదలవుతుంది. దొంగ దాన్ని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు తోసేసి, నగదుగా తీసేసేలోపే ఆ ఫోన్ వెళ్ళాలి. ఇలాంటి దాడులను 6 గంటల్లోగా తెలపాలని సెర్ట్-ఇన్ 2022లో కంపెనీలకు హుకుం ఇచ్చింది. భాయ్‌జాన్ ఇంట్లో ఇజ్జత్ గురించి చర్చ జరిగిందే ఒక పూట!

పనివాళ్ళు భయపడే చోట తప్పు ఆలస్యంగా బయటపడుతుంది. తిట్లు పడవని తెలిసిన పిల్ల ఐదు నిమిషాల్లో వచ్చి చెబుతుంది. అందుకే యజమానులకు నా గుజారిష్: ఈ రోజే మీ దగ్గర పనిచేసేవాళ్ళను కూర్చోబెట్టి, ఏదైనా తేడా అనిపిస్తే వెంటనే చెప్పండి, ఉద్యోగానికి ఏమీ కాదు అని మాట ఇవ్వండి. ఆ మాట మీద నిలబడండి.

ఆ అమ్మాయి ఇప్పటికీ భాయ్‌జాన్ దగ్గరే పనిచేస్తోంది. మొన్న కొత్త ఖాతా నంబరుతో ఇంకో బిల్లు వస్తే, భాయ్‌జాన్ పంపేయమన్నా వినకుండా పాత నంబరుకు ఫోన్ చేసి అడిగిందట. ఆ బిల్లు నిజమైనదే. అయినా భాయ్‌జాన్ ఆమెకు షుక్రియా చెప్పాడు.