సరిదిద్దడం సగం పనే

క్లిప్పులు తీసిన రోజున చికిత్స ముగిసిందని ఇంటిల్లిపాదీ భావిస్తారు. దంతాలకు మాత్రం ఆ సంగతి తెలియదు. పంటిని దవడ ఎముకతో కలిపే సన్నని నారలు కొత్త స్థానానికి అలవాటు పడటానికి నెలలు పడుతుంది. చిగుళ్లలోని సాగే నారలకు దాదాపు ఏడాది కావాలి. అంతవరకూ అవి పంటిని పాత చోటికే లాగుతుంటాయి. ఆ లాగుడుకు అడ్డుకట్ట రిటైనర్. వయసుతోపాటు దంతాలు కదలడం సహజం గనుక, ఆ తర్వాత కూడా రాత్రిపూట ధరించమనే వైద్యులు సూచిస్తారు.

దక్షిణ అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో ఒక తెలుగింటి అమ్మాయికి ఈ పాఠం కాస్త ఖరీదుగానే అబ్బింది. క్రిములు చస్తాయని తల్లి ఆ పారదర్శక ప్లాస్టిక్ రిటైనర్‌ను మరిగిన నీళ్లలో వేసింది. అది వంకరపోయింది. కొత్తది కావాలంటే ఫెర్రీ ఎక్కి, చాథమ్ జెట్టీలో దిగి, 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్లాలి. తండ్రికి ఒక రోజు కూలి పోతుంది. "క్లిప్పులకు అంత డబ్బు కట్టేశాం కదమ్మా, మళ్లీ దీనికేటి?" అన్నది తల్లి. వారాలు గడిచాయి. ముందుపళ్లు మళ్లీ ఒకదానిపైకి ఒకటి జరగసాగాయి.

ఆ తల్లి ప్రశ్నలో తప్పు లేదు. చికిత్స ధర చెప్పిననాడు దాని నిర్వహణ ధర ఎవరూ చెప్పలేదు. మన ప్రభుత్వాల తీరూ ఇదే. ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది, మరమ్మతుకు ఉండదు. శాసనసభ లేని ఈ కేంద్రపాలిత ప్రాంతం నుంచి లోక్‌సభకు వెళ్లేది ఒకే ఒక్క సభ్యుడు. వీధి దీపం ఆరినా, ఆసుపత్రి యంత్రం మూలనపడినా నిలదీయడానికి ఎమ్మెల్యే అంటూ ఉండడు. రాజధానులకు దూరమయ్యేకొద్దీ నిర్వహణాలోపం భారం పౌరుడి జేబు మీదే పడుతుంది.

దంతం ఒక్క రాత్రిలో వెనక్కి పోదు. మిల్లీమీటరులో కొద్ది భాగం చొప్పున జరుగుతుంది. అద్దంలో కనబడే నాటికి పాత రిటైనర్ పట్టదు. అందుకే క్లిప్పులు వేయించుకునే నాడే రిటైనర్ ఖర్చు ఎంతో అడగాలి. వీలైతే రెండోది చేయించి దాచుకోవాలి. చల్లని నీటితోనే కడగాలి. సంస్కరణలను ప్రకటించే నాయకుడినీ ఇదే మొదటి ప్రశ్న అడగాలి: రేపటి నుంచి దీన్ని నిలబెట్టే ఖర్చు ఎవరిది?