కొలతకన్నా తక్కువ గుడ్డ

మా అన్నయ్య కూతురికి పదమూడేళ్ళు. ఖమ్మంలో చదువుకుంటూ రెండేళ్ళుగా ఈతకి వెళుతోంది. కిందటి వేసవికి దాని పాత కాస్ట్యూమ్ పొట్టిదైపోయి భుజాల మీద ఎర్రటి చారలు పడటం మొదలైంది. కొత్తది కొందామని వెళితే దుకాణంలో మగపిల్లల నిక్కర్లు గోడ నిండా వేలాడుతున్నాయి. ఆడపిల్లలవి మాత్రం రెండే రకాలు. ఐదారేళ్ళ పాపలకి కుచ్చులు పెట్టినవి, పూర్తిగా ఎదిగిన వాళ్ళకి నల్లటివి. ఆ రెంటికీ మధ్య వయసు పిల్లలు నీళ్ళలోకి దిగరని దుకాణదారుడి లెక్క కాబోలు. ఆ లెక్క తప్పని గట్టిగా అనలేకపోయాను. మా పిల్లతోపాటు ఈత మొదలుపెట్టిన ఆడపిల్లల్లో చాలామంది ఆ వయసుకే మానేశారు మరి.

"అత్తా, నువ్వు జాకెట్లు కుట్టుకుంటవు గదా, ఇదీ కుట్టరాదు" అంది. అలా మొదలైంది నా ఈ కొత్త విద్య.

నాకు కుట్టు నేర్పింది అమ్మ. దుమ్ముగూడెం మండలంలో పర్ణశాలకి దగ్గర మా ఊరు. ముప్ఫై ఏళ్ళపాటు చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టింది అమ్మ. ఆమె విద్యంతా ఒక్క సూత్రం మీద నిలబడింది: కొలతకన్నా గుడ్డ ఎక్కువ ఉండాలి. పక్కకుట్టు లోపల కనీసం అంగుళం వదలాలి. పెళ్ళయి, కాన్పయి, ఒళ్ళొచ్చి అదే మనిషి అదే జాకెట్టుతో తిరిగొస్తుంది, అప్పుడు కుట్లు విప్పి వదులు చెయ్యాలి. అలా విప్పిన కుట్ల గీతల్లో ఆ ఊళ్ళ ఆడవాళ్ళ చరిత్ర రాయొచ్చునేమో.

ఈతదుస్తుల సూత్రం దీనికి పూర్తిగా తలకిందులు. ఛాతీ 28 అంగుళాలుంటే గుడ్డ 25 అంగుళాలే కొయ్యాలి. ఒంటిని పట్టి ఉండకపోతే నీళ్ళు లోపల నిండి సంచిలా ఉబ్బుతుంది, మెడ దగ్గర జారుతుంది. నేను చాక్‌తో గీస్తుంటే అమ్మ పక్కన కూర్చుని చూస్తోంది. "కొలతకన్నా తక్కువ కోస్తే ఎట్టనే? పిల్లకి ఊపిరాడొద్దా?" అంది. గుడ్డ ఆమె చేతికిచ్చి సాగదీయమన్నాను. నిలువుగా లాగింది, అడ్డంగా లాగింది, వదిలేసింది. మళ్ళీ మొదటికొచ్చింది గుడ్డ. అమ్మ ఏమీ అనలేదు గానీ ఇంకో రెండుసార్లు లాగి చూసింది.

ఖమ్మం, కొత్తగూడెం బట్టల కొట్లలో సాగే గుడ్డ ఏదైనా లైక్రాయే. నిజానికది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. ఆ సాగే నూలుని 1958లో అమెరికాలోని డ్యుపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. ఎందుకోసమో తెలిశాక నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ఆడవాళ్ళ నడుమునీ పొట్టనీ బిగించి సన్నగా కనిపించేలా చేసే లోదుస్తుల్లో రబ్బరుకి బదులు వాడటానికట! అలా పుట్టిన నూలు తర్వాత ఈతకొలనులోకి, ఆటస్థలంలోకి దిగింది. ఆడవాళ్ళే దింపారని నేననుకుంటాను.

నేను హైదరాబాద్ నుంచి కిలోల లెక్కన అమ్మే ముక్కలు తెచ్చుకున్నాను. బనియన్ గుడ్డ దీనికి పనికిరాదు, నీళ్ళు పీల్చి మోకాళ్ళదాకా వేలాడుతుంది. నైలాన్ కలిసి రెండు వైపులా సాగేదే కావాలి. ఎక్కువ సాగే వైపు ఒంటి చుట్టూ రావాలి. మామూలు సూదితో కుడితే కుట్లు దాటిపోతాయి, మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వెయ్యాలి. అది దారాన్ని పొడవదు, దారాల సందులోంచి పక్కకి తప్పుకుంటూ దిగుతుంది. తిన్నటి కుట్టు వేస్తే పిల్ల మొదటిసారి చెయ్యి చాచినప్పుడే పుటుక్కుమంటుంది, కాబట్టి సన్నటి జిగ్‌జాగ్. తొడ దగ్గర ఎలాస్టిక్‌ని ముందు వైపు గుడ్డతో సమానంగా, వెనక వైపు కొంచెం లాగి పట్టి కుట్టాలి. ఇవన్నీ చేతికి అలవాటయ్యేవే.

కష్టమైంది కొలత తీయడం. ఈతదుస్తులకి అసలైన కొలత ఛాతీ కాదు, నడుమూ కాదు. భుజం మీంచి ముందు వైపుగా దిగి, కాళ్ళ మధ్యనుంచి వెనక్కి వెళ్ళి, వీపు మీదుగా మళ్ళీ అదే భుజానికి రావాలి టేపు. ఒళ్ళంతా ఒకే చుట్టు. పెరిగే పిల్లల్లో ముందు చాలకుండా పోయేది ఇదే, భుజాల మీద చారలు పడేదీ ఇందువల్లే. ఈ కొలతకి మన టైలర్ల పుస్తకంలో పేరు లేదు. ఏ మగ టైలర్ ఆడపిల్లకి ఈ కొలత తీస్తాడు? ఏ తల్లి తీయనిస్తుంది? ఆడపిల్ల శరీరాన్ని ఛాతీ, నడుము, తుంటి అని ముక్కలుగా చూడటానికి అలవాటు పడ్డాం. దాన్ని కలిపి కొలిచే ఆ ఒక్క కొలతనే చెప్పుకోలేం. మా పిల్ల మాత్రం చేతులు పైకెత్తి నిలబడి, టేపు పైకొసని వాళ్ళ నాయనమ్మని పట్టుకోమంది. అమ్మ పట్టుకుంది, కళ్ళు మాత్రం కిటికీ వైపు తిప్పుకుంది.

తర్వాత తగువు పొడవు గురించి. చీలమండలదాకా ఉండాలని అమ్మ పట్టు. పోటీలకి వెళ్ళే పిల్ల కదా, అది కుదరదు. 2010 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఈత సమాఖ్య నియమం ప్రకారం కొలనులో జరిగే పోటీల్లో ఆడవాళ్ళ దుస్తులు భుజం దాటి చేతుల మీదకి రాకూడదు, మోకాలు దాటి కిందకి పోకూడదు. మగవాళ్ళకి నడుము నుంచి మోకాలిదాకా. మోకాలిదాకా కుట్టాను. అటు అమ్మా, ఇటు సమాఖ్యా ఇద్దరూ ఊరుకున్నారు. అయినా నాకు మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. ఎంతవరకు కప్పాలి అనే ప్రశ్నకి ఇంట్లో ఒక జవాబు, రూల్ బుక్‌లో ఒక జవాబు. ఈదే పిల్లని అడిగినవాళ్ళు లేరు. నేనడిగితే, "తొడలకి ఒరుసుకోకుంటే చాలత్తా" అంది.

అమ్మది చాదస్తమని తేలిగ్గా తీసేయలేను. చిన్నప్పుడు ఎండిన సొరకాయ బుర్ర నడుముకి కట్టుకుని వాగులో ఈత నేర్చుకున్న మనిషి ఆమె. పెద్దమనిషి కాగానే మాన్పించారు. పర్ణశాల దగ్గర వాగొడ్డున రాళ్ళ మీది రంగుచారలు చూపించి, సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులని యాత్రికులకి చెబుతారు. ఆమె చీర తడిసిన సంగతీ ఆరిన సంగతీ రాళ్ళమీద ఉంది, ఆమె ఈదిందో లేదో ఎవరూ చెప్పరు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి పెరిగినప్పుడు అమ్మ కుచ్చిళ్ళు పైకి దోపి, నన్ను చంకనేసుకుని నడుములోతు నీళ్ళలో గట్టుకి నడిచింది. తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుని రెండుసార్లు పడబోయిందట. "ఈత వచ్చినా చీర రానియ్యదు" అనేది. 2022 జూలైలో మళ్ళీ 71.3 అడుగులొచ్చింది. ఏటా ఇంత నీళ్ళు చూసే ప్రాంతంలో ఆడపిల్లకి ఈత ఆటా కాదు, విలాసమూ కాదు. నడివయసులో ఈత నేర్చుకున్న గోలి శ్యామల 2021లో పాక్ జలసంధిని ఈదినప్పుడు పేపర్లో బొమ్మ చూసి అమ్మ మొదట అడిగింది, "ఏం తొడుక్కుంది?" అని. అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడది సరైన ప్రశ్నే అనిపిస్తోంది.

కుట్టాక చాలా ముక్కలు మిగిలాయి. ఈ గుడ్డని పొయ్యిలో వెయ్యలేం, కరిగి కంపు కొడుతుంది. వాగులో వేస్తే కుళ్ళదు. పొడుగు ముక్కలు పిల్లల జడలకి రబ్బరుబ్యాండ్లయ్యాయి. రెండు వెడల్పు ముక్కలు కలిపి తలకి టోపీ కుట్టాను. ఇంకా చాలా ఉండగా అమ్మ నల్లపట్టీ ఒకటి తీసుకుని తన లంగా నడుముకి చుట్టి చూసుకుంది.

అమ్మ నడుము మీద బొందు ఒరుసుకున్న నల్లటి గాడి ఉంది. మీలో చాలామందికీ ఉండే ఉంటుంది. ఏళ్ళ తరబడి అదే చోట బిగించిన కట్టు ఒరుసుకుని పుండై, ఆ పుండు క్యాన్సర్‌గా మారిన ఇద్దరు ఆడవాళ్ళ గురించి 2024లో బీహార్, మహారాష్ట్ర వైద్యులు రాశారు. అందులో అమ్మకి కొత్తగా తెలిసిందేమీ లేదు. "రాత్రిపూట విప్పుకుంటే మండుద్ది" అంది, అంతే. బొందు తీసేసి మూడంగుళాల వెడల్పు సాగే పట్టీ వేశాను. రెండో రోజు తన పాత మిషన్ ముందు కూర్చుని మిగతా లంగాలన్నిటికీ తనే వేసుకుంది. దానికి జిగ్‌జాగ్ లేదు. గుడ్డ కొద్దిగా లాగిపట్టి తిన్నటి కుట్టే వేసింది. నేను చెప్పకుండానే పట్టీని నడుము కొలతకి మూడంగుళాలు తక్కువ కోసింది.

ఇప్పుడు వీధిలో ఆడవాళ్ళు లంగాలు పట్టుకొస్తున్నారు. నల్లది అయిపోయింది, చిలకాకుపచ్చే మిగిలింది. లోపలిదేగా, ఏ రంగైతే ఏం అంటోంది అమ్మ. కిందింటావిడ మాత్రం నీలం రంగు కావాలంది. పిల్ల తర్వాతి కాస్ట్యూమ్ నీలంలో కుట్టమని చెబుతానంది అమ్మ.