వెనక ఎవరున్నారు?

ఒక ఆడమనిషి బాగా రాసినా, బాగా పాడినా మన చుట్టూ ఉన్నవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. "వెనక ఎవరున్నారు?" అని. రాసిచ్చింది మొగుడేమో, దిద్దిపెట్టింది తండ్రేమో, బాణీ కట్టింది ఏ మాస్టారో. మగవాడి విషయంలో ఈ ప్రశ్న రానే రాదు. వచ్చినా "ఎంతటి గురువు దగ్గర నేర్చుకున్నాడో" అని పొగడ్తగా మారిపోతుంది. గురువుండటం అతనికి గౌరవం, ఆమెకి అనుమానం.

ఈ ప్రశ్నని నలభై ఏళ్ళకు పైగా మోస్తున్న ఒక పాటల బృందం గురించి రాయాలని ఎప్పట్నించో అనుకుంటున్నాను. ఆ బృందం పేరు బనానరామా. ఎనభైల చివర్లో మా హాస్టల్లో ఎవరో తెచ్చిన క్యాసెట్లో వాళ్ళ 'వీనస్' విన్నప్పుడు మాకు వాళ్ళ పేర్లు కూడా తెలియవు. ముగ్గురమ్మాయిలు ఒకే గొంతుగా పాడుతున్నారని మాత్రం అర్థమైంది. ఒకరు ముందు నిలబడి మిగతా ఇద్దరూ వంత పాడటం కాదు, ముగ్గురిదీ ఒకే స్వరం. అది మాకు భలే నచ్చింది.

పాప్ సంగీతంలో ప్రొడ్యూసర్ అంటే మన సినిమా నిర్మాతలాగా డబ్బు పెట్టేవాడు కాదు. స్టూడియోలో కూర్చుని ఏ వాద్యం ఉండాలి, ఎంత వేగం ఉండాలి, గొంతు ఎంత ముందుకు రావాలి అని తేల్చేవాడు. కొంత సంగీత దర్శకుడు, కొంత సంపాదకుడు. ఈ అధికారం ఎంత దూరం వెళ్ళగలదో 1962లోనే తేలిపోయింది. అమెరికాలో ఫిల్ స్పెక్టర్ 'హీ ఈజ్ ఎ రెబెల్' అనే పాటని డార్లీన్ లవ్ చేత పాడించి, 'క్రిస్టల్స్' అనే మరో బృందం పేరు మీద విడుదల చేశాడు. ఆ పాట దేశంలో మొదటి స్థానానికి వెళ్ళింది. పాడినామె పేరు రికార్డు మీద లేదు. పేరున్న అమ్మాయిలు పాడలేదు. ఇద్దరి మధ్యా స్థిరంగా మిగిలింది ప్రొడ్యూసర్ పేరొక్కటే.

బనానరామా కథ అక్కడికి పోలేదు. ఎందుకు పోలేదన్నదే నాకు ముఖ్యం.

సారా డాలిన్, కెరెన్ వుడ్వర్డ్ బ్రిస్టల్లో చిన్నప్పట్నించీ స్నేహితులు. లండన్లో ఫ్యాషన్ జర్నలిజం చదువుతున్నప్పుడు సారాకి షివాన్ ఫాహీ పరిచయమైంది. ముగ్గురికీ సంగీతంలో శిక్షణ లేదు. 'సెక్స్ పిస్టల్స్' డ్రమ్మర్ పాల్ కుక్ సాయంతో తొలిపాట రికార్డు చేశారు. 1981లో వచ్చిన ఆ పాట స్వాహిలీ భాషలో ఉంటుంది. తర్వాత టోనీ స్వెయిన్, స్టీవ్ జాలీ అనే ఇద్దరు ప్రొడ్యూసర్లతో కొన్నేళ్ళు పనిచేశారు. 1983 నాటి 'క్రూయెల్ సమ్మర్' ఆ కాలానిదే.

ఇక 'వీనస్'. అది 1969లో డచ్ బృందం 'షాకింగ్ బ్లూ' పాడిన పాట. దాన్ని నాట్యానికి పనికొచ్చేలా చెయ్యాలని పట్టుబట్టింది ఈ ముగ్గురే. ఉన్న ప్రొడ్యూసర్లు ఉత్సాహం చూపలేదు. 1985లో 'డెడ్ ఆర్ అలైవ్' బృందం పాటొకటి విని, దాన్ని తయారుచేసిన మైక్ స్టాక్, మాట్ ఐట్కెన్, పీట్ వాటర్మన్‌లను వెతుక్కుంటూ వెళ్ళారు. వాళ్ళు కూడా మొదట వెనకాడారు. చివరికి 1986లో ఆ పాట అమెరికాలో మొదటి స్థానం చేరింది. పాటని ఎంచుకున్నదీ, ప్రొడ్యూసర్లని ఎంచుకున్నదీ అమ్మాయిలే. అయినా ఆ పాట గురించి రాసినవాళ్ళలో చాలామంది "ప్రొడ్యూసర్లు ఈ అమ్మాయిలకి హిట్ ఇచ్చారు" అన్నట్టే రాశారు. ఇచ్చేవాళ్ళెప్పుడూ మగవాళ్ళే, పుచ్చుకునేవాళ్ళెప్పుడూ ఆడవాళ్ళే అన్న వ్యాకరణం ఎంత బలమైందో చూడండి.

ఆ ముగ్గురు ప్రొడ్యూసర్లదీ ఒక కర్మాగారం పద్ధతి. పాట వాళ్ళే రాస్తారు, సంగీతం వాళ్ళే సిద్ధం చేస్తారు, గాయని వచ్చి పాడి వెళ్ళిపోతుంది. కైలీ మినోగ్‌తో వాళ్ళ తొలి హిట్టు ఆమె స్టూడియోలో ఎదురు చూస్తుండగా అప్పటికప్పుడు రాసిందేనని అందరూ చెప్పుకునేదే. అలాంటి చోట బనానరామా మేమూ రాస్తామంది. 1987 నాటి 'ఐ హర్డ్ ఎ రూమర్' రచయితల జాబితాలో ఆరు పేర్లుంటాయి. మూడు మగపేర్లు, మూడు ఆడపేర్లు. ఆ సగం వాటా మర్యాదకొద్దీ దొరికింది కాదు.

నా మొదటి కథకి ఒక సంపాదకుడు ముగింపు మార్చాడు. ఇల్లు వదిలి వెళ్ళిన నా పాత్రని చివరి పేరాలో వెనక్కి తీసుకొచ్చాడు. అచ్చయ్యాక గానీ నాకు తెలియలేదు. కథ బావుందని ఉత్తరాలొచ్చాయి. ఆ మెచ్చుకోలులో నాది ఎంతో, అతనిది ఎంతో తెలియక కొన్ని నెలలు ఏమీ రాయలేకపోయాను. తర్వాత మరొకరు, ఆమె కూడా సంపాదకురాలే, నా కథలో మూడు పేజీలు కొట్టేసి పంపింది. పక్కన పెన్సిల్‌తో ప్రతిచోటా ఎందుకో రాసింది. రెంటికి ఒప్పుకున్నాను, ఒకదానికి ఒప్పుకోలేదు. ఒప్పుకోనిది అలాగే వేసింది. దిద్దడం ఇద్దరూ చేశారు. కానీ రెండోసారి ఆ కథ నాదేనన్న నమ్మకం పోలేదు. కాదనే హక్కు నా చేతిలో ఉండటమే కారణం.

అందుకే షివాన్ నిర్ణయం నాకు బాగా అర్థమవుతుంది. పాటలన్నీ ఒకే మూసలో పోతున్నాయన్న అసంతృప్తితో ఆమె 1988లో బృందం వదిలేసింది. 'షేక్స్పియర్స్ సిస్టర్' అనే కొత్త బృందం పెట్టింది. 1992లో వాళ్ళ 'స్టే' బ్రిటన్లో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది. వర్జీనియా వుల్ఫ్ ఊహించిన ఆ చెల్లెలి పేరు పాప్ పాటల జాబితా మీద అన్ని వారాలు నిలిచిందంటే మనబోటి వాళ్ళకి సంతోషమే కదా.

అయితే వెళ్ళిపోయినామె స్వతంత్రురాలు, ఉండిపోయిన ఇద్దరూ రాజీపడ్డవాళ్ళు అని తీర్పు చెప్పడం నాకిష్టం లేదు. మన ఉద్యమంలోనూ ఈ తీర్పులు చాలానే విన్నాం. సారా, కెరెన్ 1991 ఆల్బమ్‌కి యూత్ అనే వేరే ప్రొడ్యూసర్‌ని తెచ్చుకున్నారు. 1993లో మళ్ళీ స్టాక్, వాటర్మన్‌ల దగ్గరికే వెళ్ళారు. ప్రొడ్యూసర్లు మారుతూ వచ్చారు, ఆ ఇద్దరూ మారలేదు. 2017లో షివాన్ తిరిగొచ్చి ముగ్గురూ కలిసి ఊరూరా కచేరీలు చేశారు. 2019లో సారా, కెరెన్ తమ సొంత కంపెనీ పెట్టుకుని 'ఇన్ స్టీరియో' విడుదల చేశారు. అందులోనూ ఇయాన్ మాస్టర్సన్ అనే ప్రొడ్యూసర్ ఉన్నాడు. కాకపోతే రికార్డు వీళ్ళది.

ప్రొడ్యూసరైనా సంపాదకుడైనా ఆ చేతిలో రెండు శక్తులున్నాయి. తుడిచేయగలదు, నిలబెట్టగలదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'లో అంతకుముందు ప్రచురణ వదిలేసిన భాగాల్ని వెతికి చేర్చి, 1910లో మళ్ళీ అచ్చువేసింది బెంగళూరు నాగరత్నమ్మ. మరుసటేడే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ పుస్తకం వెనక ఎవరున్నారని అడిగితే గర్వంగా చెప్పుకోగల పేరది. తన పేరుని ముద్దుపళని పేరు మీద పరవలేదు నాగరత్నమ్మ.

కాబట్టి ఆ ప్రశ్నని మానేయమని నేననను. అందర్నీ అడగమంటాను. మగ రచయిత వెనక శుద్ధప్రతి రాసిపెట్టిన భార్యనీ, పరిశోధకుడి వెనక సమాచారం పోగుచేసిన విద్యార్థినినీ కూడా లెక్కలోకి తెమ్మంటాను. అడిగాక, ఆ పాట కింద ఉన్నట్టుగా, పేర్లన్నీ ఒకే వరసలో ఒకే సైజు అక్షరాల్లో అచ్చెయ్యాలి.