గేము ధర అడక్కండి, ఎప్పుడు కొన్నారో అడగండి

ఏమండీ, తీరికేనా? ఇలా గోడ దగ్గరికి రండి. వీడియో గేముల ధరల గురించి మాట్లాడుకుందాం. అలా మొహం చిట్లించకండి మరి! "పిల్లల గొడవ మనకెందుకు" అంటారు గానీ, కూరగాయల బండి దగ్గర అర్ధరూపాయికి అరగంట బేరమాడే మీకు ఇంతకంటే రుచైన కబురు దొరకదు.

పీఎస్5 అనే గేము యంత్రానికి కొత్తగా వచ్చిన పెద్ద గేము మన దగ్గర ఐదు వేలకు అటూఇటూ. అవును, ఐదు వేలే. అందులో బంగారమేమీ పెట్టలేదు. చిన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల ఒక డిస్కు. ఒకప్పుడు కాస్త లావుపాటి పుస్తకమైనా ఇచ్చేవారు. ఇప్పుడు అదీ లేదు.

సరే, అది దొరల సంగతి. స్టార్‌డ్యూ వ్యాలీ అని ఒక గేముంది. ఎరిక్ బరోన్ అనే ఆయన ఒంటిచేత్తో చేసి 2016లో వదిలాడు. అందులో మనం చేసే ఘనకార్యం ఏమిటంటే, తాతగారి పొలంలో రాళ్ళూ రప్పలూ ఏరి, దుక్కి దున్ని, నీళ్ళు పోసి, దుంపలు పండించుకోవడం. మనవాళ్ళు ఉన్న పొలం కౌలుకిచ్చి పట్నం చేరితే, జనం డబ్బిచ్చి మరీ కలుపు తీస్తున్నారు చూడండి! పోనీలెండి, ఎవరి సరదా వాళ్ళది. ఇంతకీ ధర. అమెరికాలో కంప్యూటర్లో ఆడాలంటే 14.99 డాలర్లు. ఫోన్లో ఆడితే 4.99. అదే పొలం, అవే కోళ్ళు, అదే వాన. తెర చిన్నదైతే ధర మూడోవంతుకు దిగింది. మన దేశంలో స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొంటే 480 రూపాయలు. డాలరు లెక్క కట్టి చూస్తే వెయ్యి దాటాలి. 2015లో ఆ దుకాణం మనకి రూపాయల్లో ధరలు పెట్టింది లెండి. అప్పట్నుంచీ కంప్యూటర్ గేమర్లు కాలర్ ఎగరేసుకుని తిరుగుతున్నారు.

మరి మారియో గేముల కంపెనీ నింటెండో? అబ్బో, ఆ గుమ్మం ముందు బేరాల్లేవు. 2025లో వచ్చిన మారియో కార్ట్ వరల్డ్‌కి అమెరికాలో ఏకంగా 80 డాలర్లు పెట్టారు. వాళ్ళ సొంత గేములు ఏళ్ళు గడిచినా అంత తేలిగ్గా ధర దిగవు. పైగా మన దేశంలో వాళ్ళకి నేరుగా అమ్మకాలే లేవు. బయటి నుంచి తెప్పించి అమ్మేవాళ్ళు చెప్పిందే రేటు. లేదంటే సంక్రాంతికి డాలస్ నుంచి దిగే పెదనాన్నగారి అబ్బాయి సూట్‌కేసే గతి. పచ్చళ్ళు అటు, మారియో ఇటు.

ఇప్పుడు అసలు తమాషాకి వద్దాం. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. డిస్కు పెట్టుకునేది 49,990. డిస్కు పెట్టుకునే వీలు లేనిది 39,990. "పదివేలు మిగిలాయిరా!" అని చంకలు గుద్దుకుంటాం కదా? ఆగండాగండి. డిస్కు లేకపోతే కంపెనీ సొంత దుకాణంలోనే కొనాలి. పక్కింటి కుర్రాడి దగ్గర అడిగి తెచ్చుకోలేరు. ఆడేశాక అమ్ముకోలేరు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

డిస్కు చేతిలో ఉంటే లెక్కే వేరు. ఐదు వేలకి కొన్నారనుకోండి. నెల తిరక్కుండా ఆడేసి, ఇంకా వేడి తగ్గకముందే మూడున్నర వేలకి అమ్మేశారనుకోండి. మీకు పడింది పదిహేను వందలు. దీన్ని కొనడం అంటారా, అద్దెకి తెచ్చుకోవడం అంటారా? మీరే చెప్పండి. ఒక్క గీతైనా పడకుండా డిస్కుని అంచులు పట్టుకుని తీసే కుర్రాళ్ళని చూడండి, వాళ్ళ కళ్ళల్లో అమ్మకం ధర కనిపిస్తుంటుంది.

అద్దె అంటే గుర్తొచ్చింది. తొంభైల్లో సామురాయ్, మీడియా అని టీవీ గేములుండేవి, జ్ఞాపకం ఉందా? క్యాసెట్ మీద "9999 ఇన్ 1" అని రాసుండేది. తీరా పెడితే అందులో ఉన్నవి పట్టుమని పాతిక, మిగిలినవన్నీ వాటికే మారుపేర్లు. అయినా ఎవరైనా గొడవపడ్డారా? ఉఫ్ ఉఫ్ మని క్యాసెట్‌లోకి ఊది, కాంట్రా పెట్టుకుని కూర్చున్నాం. ఆ క్యాసెట్లు వీధి చివర షాపులో రోజు అద్దెకి దొరికేవి. రేపు పొద్దున్నే తిరిగిచ్చేయాలి కాబట్టి రాత్రంతా నిద్రే ఉండేది కాదు. అద్దె సొమ్ముకి అంత న్యాయం చేసినవాళ్ళు మళ్ళీ పుట్టరు.

అమెరికాలో ఈ అద్దెల మీద పెద్ద యుద్ధమే జరిగింది. అద్దెకిస్తే ఇంక కొనేదెవరని నింటెండోకి మంట. అద్దెకివ్వడాన్ని ఆపలేక, 1989లో గేములు అద్దెకిచ్చే బ్లాక్‌బస్టర్ షాపుల మీద వేరే దావా వేసింది. నేరమేమిటో తెలుసా? గేముతో వచ్చే పుస్తకాన్ని జిరాక్స్ తీసి ఇస్తున్నారని! అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇంతకన్నా ఏముంది?

అద్దెని అంతగా తిట్టిన ఆ వ్యాపారమే ఇప్పుడు అద్దె బోర్డు పెట్టుకు కూర్చుంది. మైక్రోసాఫ్ట్ 2017లో గేమ్ పాస్ అని మొదలెట్టింది. నెలకి 9.99 డాలర్లు కట్టు, వందకి పైగా గేములు ఆడుకో అంది. ఆహా ఓహో అన్నారు జనం. తర్వాత అందులోనే అల్టిమేట్ అని పై అంతస్తు కట్టారు. దాని అద్దె 2025 అక్టోబరులో 29.99 అయింది. అమీర్‌పేట ఇంటి ఓనర్లు కూడా ఒక్కసారిగా అంత పెంచరండీ బాబూ.

"అందుకే నేను సొంతానికే కొంటా" అంటారా? మీ సొంతం కూడా అంతంతమాత్రమే. ద క్రూ అని 2014లో కార్ల గేము వచ్చింది. 2024 మార్చి 31న కంపెనీ సర్వర్లు ఆపేసింది. అంతే, డబ్బు పోసి కొన్న డిస్కులు కప్పు కింద పెట్టుకోవడానికి తప్ప పనికిరాలేదు. మీరు కొనేది గేముని కాదు, ఆడుకునే అనుమతిని మాత్రమేనని ఆన్‌లైన్ దుకాణాలు స్పష్టంగా చెప్పాలంటూ కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. అది 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. నిజం చెప్పించడానికి చట్టం కావాల్సొచ్చింది చూశారా!

అలాగని నీరసపడకండి. అప్పనంగా వచ్చేవీ ఉన్నాయి. ఎపిక్ దుకాణం 2018 నుంచీ ఉచితంగా గేములు పంచుతోంది. 2020 మేలో ఏకంగా జీటీఏ 5నే ఇచ్చేసింది. జనం ఎగబడితే వెబ్‌సైటు కాస్తా కుప్పకూలింది. అలా తీసుకున్నవన్నీ ఎప్పుడు ఆడతారని అడక్కండి. ఆడటం వేరు, ఉండటం వేరు. ఉంటే ఓ ధైర్యం.

నన్నడిగితే గేము ధర అట్ట మీద ఉండదు, మన ఓపికలో ఉంటుంది. మొదటిరోజే పరిగెత్తేవాడిది పెళ్ళి ఖర్చు. ఏడాది ఆగి స్టీమ్ వేసవి అమ్మకాల్లో కొనేవాడికి చాలాసార్లు సగానికే వస్తుంది, పైగా లోపాలన్నీ సరిచేసి మరీ ఇస్తారు. నచ్చలేదా? కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలు దాటకుండా ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. గంటా యాభై నిమిషాల దగ్గర గడియారం చూసుకుంటూ ఆలోచనలో పడటం కూడా ఒక ఆటే. ఆలస్యం అమృతం విషం అన్న పెద్దలు ఈ అమ్మకాలు చూసి ఉంటే మాట మార్చుకునేవారు.

సరే, పొద్దుపోయింది. చివరగా ఓ చిన్న మనవి. మీ ఇంట్లో ఎవరైనా పీఎస్5 గేము ఆడేసి డిస్కు అమ్మే ఆలోచనలో ఉంటే, బయటివాళ్ళకి చెప్పేముందు నాకో కేక వేయండి. రేటు మాత్రం పొరుగువాళ్ళ రేటే చెప్పాలి సుమా!