దువా నుంచి దవాకి... తొమ్మిది స్టేషన్లు!

నాంపల్లి దర్గాలో దువా ఉంది. ఎర్రగడ్డ ఆస్పత్రిలో దవా ఉంది. మెట్రో ఎక్కితే రెంటికీ మధ్య ఇరవై నిమిషాలు, అటూ ఇటూగా. అయినా ఆ కాస్త దూరం దాటడానికి కొన్ని కుటుంబాలకు ఏళ్లు పడుతోంది. ఎందుకు?

గురువారం సాయంత్రం నాంపల్లి యూసుఫైన్ దర్గా ముందు అడుగు పెట్టడానికి చోటుండదు. గులాబీల బుట్టలు ఖాళీ అవుతుంటాయి, మళ్లీ నిండుతుంటాయి. సాంబ్రాణి పొగలోంచి చాదర్లు తలమీద పెట్టుకుని లోపలికి వెళ్లేవాళ్లు, కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చేవాళ్లు. బురఖాల పక్కనే నుదుట బొట్టు పెట్టుకున్న అమ్మలూ కనిపిస్తారు. ఒకరికి కొడుకు వీసా, ఒకరికి కూతురి పెళ్లి, ఇంకొకరికి అద్దెకున్న కొట్టు గొడవ... మొక్కులు రకరకాలు. వాళ్లలోనే కొందరు ఓ మనిషిని రెక్క పట్టుకుని నడిపించుకొస్తారు. వాళ్ల మొక్కేమిటో ఎవరూ అడగక్కర్లేదు. చూస్తే తెలిసిపోతుంది.

అలా వచ్చిన ఓ తల్లి ఉందనుకోండి. ఆమెకి ఇరవై ఏళ్ల కొడుకు. ఇంజినీరింగ్ రెండో ఏడు మధ్యలో ఆపేశాడు. మొదట గదిలోంచి బయటికి రావడం మానేశాడు. తర్వాత స్నానం మానేశాడు. ఆ తర్వాత గోడకేసి చూస్తూ తనలో తనే నవ్వుకోవడం, పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని కిటికీలు బిగించడం. ఊళ్లో 'గాలి సోకింది' అన్నారు. మేనమామ 'ఇది చేతబడే' అని తేల్చేశాడు. ఆర్‌ఎంపీ డాక్టరు 'నరాల బలహీనత' అని బలానికి సూదులు పొడిచాడు. పెద్దత్తయ్యేమో 'పెళ్లి చేస్తే అదే కుదురుకుంటాడు' అంది. ఇవన్నీ అయ్యేసరికి రెండేళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు నాంపల్లి వచ్చారు.

ఈ కథ ఏ ఒక్క ఇంటిదో కాదు. పేర్లు, ఊళ్లు మారతాయంతే.

ఆరని దీపం

అసలీ దర్గాకే ఇంత పేరెందుకు? 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు మొఘల్ సైన్యంలో సిపాయిలుగా వచ్చినవాళ్లే యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా అని చెబుతారు. ఓ రాత్రి గాలివానకి దండులోని దీపాలన్నీ ఆరిపోయాయట. ఒక్క గుడారంలో మాత్రం వెలుగు చెక్కుచెదరలేదట. పాదుషా వెళ్లి చూస్తే ఇద్దరు సిపాయిలు ఆ వెలుగులో ఖురాన్ చదువుకుంటున్నారట. ఆ ఇద్దరి సమాధులే ఇక్కడివి. ఉర్దూ కవి దాగ్ దెహ్లవీ 1905లో కన్నుమూస్తే ఆయన్నీ ఈ ప్రాంగణంలోనే ఖననం చేశారు.

బతుకులో గాలివాన వచ్చినవాళ్లు ఆరని దీపాన్ని వెతుక్కుంటూ రావడంలో వింతేముంది? నాంపల్లికి నమ్మకాన్ని మూట కట్టుకుని వచ్చేవాళ్లు దర్గాకే పరిమితం కూడా కాదు. మృగశిర కార్తె వచ్చిందంటే ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం ఆస్తమా రోగులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి బారులు తీరతారు.

దర్గాలో ఆ తల్లికి దొరికేదేమిటో కాస్త నిదానంగా చూడాలి. ఇక్కడెవరూ 'ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడు, ముందే ఎందుకు తీసుకురాలేదు' అని గద్దించరు. కొడుకు గట్టిగా అరిస్తే చుట్టుపక్కలవాళ్లు కాస్త జరుగుతారు తప్ప వెళ్లగొట్టరు. పక్కనే ఇంకో అమ్మ, ఆమె పక్కన ఇంకో కూతురు. ఇంట్లో నాలుగ్గోడల మధ్య దాచుకున్న కష్టం ఇక్కడ దాచనక్కర్లేదు. తావీజు ఏం చేస్తుందో ఏమోగానీ, ఆ రాత్రి ఆమెకి కంటినిండా నిద్ర పడుతుంది.

దీన్ని కొట్టిపారేయడానికి లేదు. తమిళనాడులోని ముత్తుస్వామి ఆలయంలో ఉండి వెళ్లిన 31 మంది మానసిక రోగులను బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించారు. కొన్ని వారాలు అక్కడ ఉన్నాక వాళ్ల లక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గింది. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దాన్ని ప్రచురించింది. గుళ్లో ప్రత్యేక చికిత్సలంటూ ఏమీ చేయలేదు. ఆదరించే చోటు, చేతనైనంత పని, వెంట ఇంట్లోవాళ్లు... అంతే. అయితే పోల్చి చూడటానికి మరో జట్టు లేని చిన్న పరిశీలన అది. గుడికి వెళ్తే మందులక్కర్లేదని అందులో ఎక్కడా లేదు.

నమ్మకం ఒక్కదాన్నే పట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఆ తమిళనాడే సాక్ష్యం. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున రామనాథపురం జిల్లా ఏర్వాడి దర్గా దగ్గర ఓ ప్రైవేటు ఆశ్రమంలో మంటలు చెలరేగాయి. రోగుల్ని గొలుసులతో కట్టేసి ఉంచారు. పారిపోయే దారిలేక 28 మంది చనిపోయారు. వాళ్లని అక్కడ వదిలిపెట్టింది శత్రువులు కాదు. 'బాబా నయం చేస్తాడు' అనుకున్న అమ్మానాన్నలు, అన్నదమ్ములే. మనోరోగుల్ని ఎక్కడైనా సరే గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

మరి మధ్యేమార్గం లేదా? ఉంది. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ 2008లో 'దవా-దువా' అని ఓ కార్యక్రమం మొదలైంది. దర్గా ముజావర్లకి జబ్బు లక్షణాలు గుర్తుపట్టడం నేర్పారు. ప్రాంగణంలోనే మానసిక వైద్యుల్ని కూర్చోబెట్టారు. 'అమ్మా, దువా నేను చేస్తా, మందు ఆ డాక్టర్‌సాబ్ దగ్గర తీసుకో' అని ముజావరే చెబితే ఎవరు కాదంటారు? డాక్టరు వందసార్లు చెప్పినా వినని కుటుంబం బాబా మనిషి ఒక్క మాట చెబితే వింటుంది.

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మనసు

దర్గా నుంచి స్టేషన్ రోడ్డు పట్టుకుని నడిస్తే అబిడ్స్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ ఇక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు మిగిలింది. ఆదివారం పెద్ద షాపుల షట్టర్లు దించేస్తే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారు తెరుచుకుంటుంది. కూర్చుని వెతికే ఓపిక ఉండాలేగానీ మనసు గురించి ఇక్కడ దొరకని పుస్తకం ఉండదేమో! ఎవరో మెడికో అమ్మేసుకున్న సైకియాట్రీ టెక్స్ట్‌బుక్కు, దాని పక్కనే అట్ట ఊడిన ఫ్రాయిడ్. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా చెప్పుకునే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'. ఆ పక్కన హిప్నాటిజం నుంచి వ్యక్తిత్వ వికాసం దాకా రాసి, 2025లో కన్నుమూసిన బి.వి.పట్టాభిరామ్ పుస్తకాలు.

వికాసం పుస్తకం కొనేటప్పుడు ఎవరూ సిగ్గుపడరు. అదే 'డిప్రెషన్' అని అట్టమీద ఉంటే అటూ ఇటూ చూసి, వెనక్కి తిప్పి సంచిలో పెట్టుకుంటారు. మన దగ్గర సైకియాట్రిస్టుకి 'నరాల డాక్టరు' అని మారుపేరు పెట్టిందీ ఆ సిగ్గే. పక్షవాతానికి, మూర్ఛకి చూసే న్యూరాలజిస్టు వేరు, మనసుకి చూసే సైకియాట్రిస్టు వేరు. 'నరాలు' అంటే పిల్ల పెళ్లికి అడ్డం రాదు, 'మనసు' అంటే వస్తుంది. అదీ లెక్క!

ఇక మందుల షాపు ముందు నిలబడితే వినిపించే ప్రశ్నలు మరికొన్ని. 'అలవాటైపోతాయటగా?' అన్నది మొదటిది. నిద్రకీ ఆందోళనకీ ఇచ్చే కొన్ని మాత్రలు నిజంగానే అలవాటవుతాయి. విచిత్రమేమిటంటే చాలామంది చీటీ లేకుండా అడిగి కొనుక్కునేది వాటినే. డిప్రెషన్ మందులు ఆ కోవలోవి కావు. కాకపోతే వాటిని హఠాత్తుగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇంకో చిక్కుంది. అవి పనిచేయడం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నోరెండిపోవడం, కడుపులో తిప్పడంలాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. దాంతో 'ఈ మందు పడలేదు' అని వారం రోజులకే డబ్బా అటక ఎక్కుతుంది.

'కరెంటు షాకులిస్తారా?' అన్నది మరో భయం. సినిమాల్లో చూపించే, కాళ్లూ చేతులూ కట్టేసి ఇచ్చే షాకు ఇప్పుడు చట్టవిరుద్ధం. మత్తుమందు, కండరాలు సడలే మందు ఇవ్వకుండా ఆ చికిత్స చేయకూడదని 2017 చట్టమే చెబుతోంది. అదీ అందరికీ ఇచ్చేది కాదు. తిండీ నీళ్లూ మానేసేంత తీవ్రమైన డిప్రెషన్‌లాంటి వాటికే.

మన అమ్మ కొడుకు సంగతి? తనలో తను నవ్వుకోవడం, లేని మాటలు వినిపించడం, అకారణ అనుమానం... అది స్కిజోఫ్రెనియా కావచ్చు, మరొకటి కావచ్చు, తేల్చాల్సింది డాక్టరే. స్కిజోఫ్రెనియా నూటికి దాదాపు ఒకరికి వస్తుంది, ఎక్కువగా పద్దెనిమిది ముప్ఫై ఏళ్ల మధ్య బయటపడుతుంది. సరిగ్గా చదువు, ఉద్యోగం, పెళ్లి వయసు. దీనికి మొదటి మందు క్లోర్‌ప్రొమజైన్‌ని 1952లోనే ఫ్రాన్స్‌లో రోగులకి ఇచ్చారు. అప్పట్నుంచి ఇంకా మెరుగైనవి చాలా వచ్చాయి. అయితే చికిత్స లేకుండా గడిచిన కాలం పెరిగేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. తావీజులో తప్పులేదు. తావీజు కట్టి, మందు వాయిదా వేసిన ఆ రెండేళ్లలోనే ఉంది తప్పంతా.

పట్టాలు ఆగే చోటు

నాంపల్లి రైల్వేస్టేషన్‌ను 1907లో కట్టారు. ఇక్కడికొచ్చి పట్టాలు ఆగిపోతాయి. ఎక్కడ దిగాలో తెలియనివాళ్లు కూడా ఇక్కడ దిగి తీరాల్సిందే. మాసిన బట్టలతో, అట్టకట్టిన జుట్టుతో, తనతో తనే మాట్లాడుకుంటూ తిరిగే మనిషి ఏ పెద్ద స్టేషన్ దగ్గరైనా కనిపిస్తాడు. జనం ముక్కు మూసుకుని పక్కకి తప్పుకుంటారు. అలాంటివాళ్లని రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా ప్రభుత్వాస్పత్రిలో చూపించడం పోలీసుల బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తెలిస్తే ముక్కు మూసుకునే చేత్తో ఫోన్ చేయొచ్చు.

స్టేషన్‌కి దగ్గర్లోనే నాంపల్లి క్రిమినల్ కోర్టులు. ఆత్మహత్యకి ప్రయత్నించి బతికి బయటపడితే ఒకప్పుడు ఐపీసీ 309 కింద అదో నేరం. ఆస్పత్రి మంచం మీదే కేసు. 2017 చట్టం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలని, శిక్షకి బదులు చికిత్స అందించాలని చెప్పింది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షనే లేదు. అయినా పరువు పోతుందనీ పోలీసులొస్తారనీ భయపడి డాక్టరుకి అబద్ధం చెప్పే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

తొమ్మిదోది... ఎర్రగడ్డ

నాంపల్లిలో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే అసెంబ్లీ, లక్డీకాపూల్, ఖైరతాబాద్, ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్, ఈఎస్ఐ ఆస్పత్రి, తొమ్మిదోది ఎర్రగడ్డ. బండి మారే పనిలేదు.

కానీ ఎక్కడమే కష్టం. ఎందుకంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అన్నది ఊరి పేరు కాదు, తిట్టు! 'వీణ్ని ఎర్రగడ్డలో చేర్పించండ్రా' అని బడిపిల్లలు కూడా నవ్వుకుంటారు. సినిమాల్లో హాస్యానికీ అదే. నిజాం కాలంలో జాల్నాలో ఉన్న మానసిక వైద్యశాల 1953లో ఇక్కడికి వచ్చింది. ఆ తిట్టుకీ అన్నేళ్ల వయసుంటుంది. భయానికి కారణాలు పూర్తిగా అపోహలేనని చెప్పడానికీ లేదు. 2025 జూన్‌లో ఇక్కడ పదుల సంఖ్యలో రోగులు కలుషితాహారంతో అస్వస్థులయ్యారన్న వార్త చదివిన ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. అయితే వచ్చినవాళ్లందర్నీ లోపల పెట్టేసి తలుపులు మూసేస్తారనుకోవడం మాత్రం అపోహే. ఎక్కువమంది ఓపీలో చూపించుకుని, మందులు తీసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరతారు.

'ఎర్రగడ్డ మెట్లు ఎక్కలేం' అనుకుంటే అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆస్పత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. అసలు గడప దాటడానికే ధైర్యం చాలకపోతే 14416 ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన 'టెలి మానస్' నంబరది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మంది రోగులకి చికిత్సే అందడం లేదని తేలింది. ఆ పన్నెండింటిలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. ఇక్కడ మాత్రం అందరికీ అందుతోందని ఎవరనగలరు?

ఎర్రగడ్డ ఓపీలో వరసలో కూర్చున్నవాళ్ల చేతులు చూస్తే నాంపల్లి గుర్తొస్తుంది. ఒకరికి పచ్చదారం, ఒకరికి ఎర్రదారం, ఒకరి మెడలో వెండి తావీజు, ఇంకొకరికి దండకట్టు. మన తల్లి కూడా ఏదో ఒక రోజు కొడుకుతో ఆ వరసలో కూర్చుంటుంది. డాక్టరు గనక చేతికున్న దారాన్ని చూసి నవ్వకపోతే, తీసెయ్యమనకపోతే, 'ఉండనివ్వండమ్మా, ఈ మాత్ర మాత్రం రాత్రిపూట మానకుండా వేయండి' అంటే... ఆమె వచ్చే నెలా వస్తుంది. గురువారాలు దర్గాకీ వెళ్తుంది.