ఆసుపత్రి వాకిలి దాటిన పిమ్మట

ఓరుగల్లు పట్టణమున వైద్యవృత్తిలో మూడు దశాబ్దములు గడిపితిని. ఈ కాలమున రోగుల బంధువులు నన్నడిగిన మాటలన్నిటిని ఒక పుస్తకమున వ్రాసియుంచినయెడల, 2007 తరువాతి పుటలన్నింటను ఒక్క ప్రశ్నయే మరల మరల కనబడును: "సార్, ఇది ఆరోగ్యశ్రీల అస్తదా?" ఆ ప్రశ్న నాకెన్నడును విసుగు పుట్టింపలేదు. వైద్యమునకై పొలమమ్ముకొన్న రైతులను, పుస్తె తాకట్టు పెట్టిన ఇల్లాండ్రను కన్నులార చూచినవాడను గనుక, పేదల ఆసుపత్రి ఖర్చును సర్కారు భరించు ఆ పథకము వచ్చిన నాడు మనసార సంతోషించితిని; 2023 డిసెంబరులో మన రాష్ట్రమున దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగిన నాడును సంతోషించితిని. నన్ను బాధించునది ఆ తరువాతి క్షణము. "వస్తుంది" అని నేను చెప్పగానే వారి ముఖములపై ఒక నిశ్చింత పరచుకొనును. కార్డు చెల్లినది గనుక వ్యాధియు తీరినట్లే యని వారు తలంతురు. వృద్ధాప్యమున వచ్చు వ్యాధులలో పెక్కింటికి ఆసుపత్రి వాసము పదిదినముల ముచ్చట; ఆపైని ఏండ్లన్నియు ఇంటిలో, మంచముపై, ఎవరో ఒకరి చేతుల మీదుగా గడువవలెను. ఆ ఏండ్లకు ఏ కార్డును చెల్లదు. ఏండ్ల తరబడి ఇది చెప్పి చెప్పి అలసితిని. అయినను మరియొకమారు చెప్పెదను.

కొన్ని యేండ్ల క్రిందట కొత్తవాడ నుండి ఒక వృద్ధుని ఆటోలో పడుకోబెట్టి తీసికొనివచ్చిరి. జీవితమంతయు మగ్గము ముందు కూర్చుండి జంపఖానాలు నేసిన మనిషి. తెల్లవారుజామున కుడిచేయి, కుడికాలు పడిపోయి, మాట పోయినది. మా వద్దకు చేరునప్పటికి మధ్యాహ్నము దాటినది. మెదడు నాళములో గడ్డకట్టిన నెత్తురును కరిగించు మందును నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. ఆ గడియలు ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు సెలైను ఎక్కించుటలోను, ఎవరో చెప్పగా పావురపు నెత్తురు తెచ్చి పూయుటలోను గడచిపోయినవి. అయినను ప్రాణము దక్కినది. చికిత్సను గూర్చి చెప్పవలసినది స్వల్పము: స్కానింగు తీయించితిమి, రక్తపోటును చక్కెరను అదుపునకు తెచ్చితిమి, మింగుడు పడువరకు ముక్కు గొట్టముతో ఆహారమిచ్చితిమి, పదునొకండవ దినమున ఇంటికి పంపితిమి. ఒక్క పైసయు ఖర్చు కాలేదు. కొడుకు చేతులు జోడించి "మీ పుణ్యం సార్" అనెను. మంచి పని చేసితినని నేనును తృప్తి పడితిని.

నలువది దినముల పిమ్మట ఆయనను మరల తీసికొనివచ్చిరి. నడుము క్రింద అరచేయి పట్టునంత పుండు. దాని అడుగున ఎముక తెల్లగా కనబడుచుండెను.

పడకపుండు అను ఈ వ్యాధి ఏ క్రిమి వలనను మొదలగునది కాదు. ఎముకకును పరుపునకును నడుమ చర్మము నలిగి, సన్నని రక్తనాళములు మూసికొనిపోయి, నెత్తురందని మాంసము చచ్చిపోవును. క్రిములు పిమ్మట వచ్చి చేరును. నిద్రలో మనమందరము మనకు తెలియకయే అటు నిటు దొర్లుచుందుము. చేయి కాలు పడిపోయినవాడు దొర్లలేడు. వానిని మరియొకరు దొర్లింపవలెను. రెండు గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పుట, తడిసిన బట్టను వెంటనే మార్చుట, మడమలు పరుపునకు తగులకుండ పిక్కల క్రింద దిండు పెట్టుట, కూర్చుండబెట్టి మెల్లగా తినిపించుట: మందు ఇంతియే. తినిపించుటలో తొందరపడినయెడల అన్నము ఊపిరితిత్తులలోనికి పోయి నిమ్ము చేయును. త్రిప్పుటలో అలసత్వము చూపినయెడల పుండు పడును. మంచము పట్టిన వృద్ధులలో నేను చూచిన మరణములు పెక్కు ఈ రెండు త్రోవలనే వచ్చినవి.

నాకు పట్టరాని కోపము వచ్చినది. ప్రక్కన నిలుచున్న కోడలిని చూచి "రెండు గంటలకు ఒకసారి తిప్పమని చీటీలో రాసిచ్చిన గదమ్మా, ఎందుకు తిప్పలేదు?" అని నలుగురి యెదుట మందలించితిని. ఆమె తలవంచుకొనియే బదులు చెప్పెను: "ఎట్ల తిప్పాలె సార్? పొద్దుగాల ఏనుమాముల మార్కెట్ల మిరపకాయ పనికి పోతె పొద్దుమూకినంక అస్త. ఆయనది హమాలి పని. పోరగాండ్లు బడికి పోతరు. మామను చూసుకుంట నేను ఇంట్ల కూసుంటె మమ్ముల ఎవలు సాదాలె?"

ఆ మాటకు నా వద్ద జవాబు లేకపోయెను. నేను వ్రాసియిచ్చిన చీటీలో ప్రతి మాత్రకు ఒక వెల యున్నదని నాకు తెలియును. "రెండు గంటల కొకమారు త్రిప్పవలెను" అను పంక్తికి వెల లేదని భ్రమపడితిని. దాని వెల ఆమె దినకూలి. ఆయనను ఇంటికి పంపిన నాడే "పగలు ఇంటివద్ద ఎవరుందురు?" అని అడుగవలసినవాడను, అడుగలేదు. పుండు నుండి విషము నెత్తురున కలిసి మూడవ వారమున ఆయన కన్నుమూసెను. మరణకారణము పక్షవాతమని కాగితముపై వ్రాసితిమి. త్రిప్పు చేయి లేక ఆయన చనిపోయెనని నాకు తెలియును. ఆ కోడలికిని తెలియును.

ప్రభుత్వము వృద్ధులకేమియు ఈయదనుట న్యాయము కాదు. జాతీయ వృద్ధాప్య పింఛను 1995 ఆగస్టు 15న నెలకు 75 రూపాయలతో మొదలైనది. దానికి కేంద్రము ఇచ్చు భాగము ఎనుబది యేండ్లలోపు వారికి 200, ఎనుబది నిండినవారికి 500 రూపాయలుగా నిలిచినది. తెలంగాణ రాష్ట్రము 2014 నవంబరులో ఆసరా పింఛనును 1,000 రూపాయలతో ఆరంభించి, 2019లో 2,016 రూపాయలు చేసినది. నేతవారికి, గీత కార్మికులకు, బీడీ కార్మికులకు, వితంతువులకు అందు వేరువేరు తరగతులు కలవు. వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైనది. అయితే వృద్ధాప్య పింఛను ఇంటికొకటియే. ఆలుమగలిద్దరును మంచము పట్టినను ఒకరికే. 2024 అక్టోబరు 29 నుండి కేంద్రము ఆయుష్మాన్ భారత్ పథకమును ఆదాయముతో నిమిత్తము లేకుండ డెబ్బది యేండ్లు నిండినవారికందరికి విస్తరించి, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్సకు హామీ యిచ్చినది. ఈ లెక్కలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. ఆసుపత్రి మంచముపై ఉన్నంత కాలము లక్షల రూపాయల హామీ. ఇంటి మంచముపైకి చేరిన మరునాటి నుండి 2,016 రూపాయలు, అనగా దినమునకు 67 రూపాయలు. డైపర్లు, గాలిపరుపు, మూత్రపు పైపు మార్పు, చక్కెర మాత్రలు, పాలు, అన్నియు ఆ 67 రూపాయలలోనే. పనిమాని ఇంట కూర్చున్న కోడలి కూలి ఆ లెక్కలోనికి రానేరాదు.

ఉన్నదానిని అడిగి పుచ్చుకొనువారును అరుదైపోవుట నా రెండవ బాధ. పక్షవాతముతో చేయి కాలు పడిపోయిన వృద్ధుడు సదరం శిబిరమునకు పోయి, 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము కలదని ధ్రువపత్రము పొందినయెడల వికలాంగుల పింఛనుకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ తరగతి సొమ్ము వృద్ధాప్య పింఛనుకు దాదాపు రెండింతలు. ఈ మాట చెప్పినప్పుడు ఒక కొడుకు నాతో "ముసలాయనకు వికలాంగుల సర్టిఫికెట్ ఏంది సార్, ఊర్ల ఇజ్జత్ పోతది" అనెను. తండ్రి తడిసిన బట్టపై పడియుండుట వలన పోని గౌరవము సర్కారు కాగితము వలన పోవునా? ఇట్టివారిని కసరుకొనకుండ ఉండుట నాకు సాధ్యము కాదు.

మూడవ బాధ వంతులది. వర్ధన్నపేట వైపు నుండి ఒక అవ్వ నా వద్దకు వచ్చుచుండెడిది. ముగ్గురు కొడుకులు, ఆమె నెలకొక ఇంట ఉండును. బట్టల మూటయు, పింఛను పుస్తకమును ఆమెతోపాటు ఇల్లు మారును. మందుల చీటీ మాత్రము పాత ఇంటి గూటిలో ఉండిపోవును. ఇల్లు మారినప్పుడెల్ల వారము దినములు రక్తపోటు మాత్ర లేకుండ గడచును. ఎవరినడిగినను "తమ్ముని కాడ ఉన్నప్పుడు తెచ్చియ్యాలె గద సార్" అనుటయే. అప్పటికే ఆమెకు మరపు వ్యాధి మొదలైనది. మరపు వచ్చినవారికి తెలిసిన గోడ, తెలిసిన గడప, తెలిసిన ముఖము, ఇవే ఆధారములు; నెల నెలకు వాటిని మార్చుట కుంటివాని కర్రను లాగుకొనుట వంటిది. రాత్రులు లేచి తన ఇల్లేదో తెలియక వీధిలో నడచెడిది.

పొలమంతయు కొడుకుల పేర వ్రాసియిచ్చితినని ఆమె చెప్పగా, 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమును గూర్చి ఆమెకు వివరించితిని. ఆర్డీఓ అధ్యక్షత వహించు ట్రిబ్యునలులో దరఖాస్తు చేయవచ్చుననియు, వకీలును పెట్టుకొననక్కరలేదనియు, నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పింపవచ్చుననియు, సాకెదమను షరతుపై వ్రాయించుకొని సాకనివారి పట్టాను సయితము రద్దుచేయు అధికారము ఆ ట్రిబ్యునలునకు కలదనియు చెప్పితిని. ఆమె అంతయు విని నా చేయి పట్టుకొని, "నా కొడుకును నేను కచ్చేరికి ఎక్కిస్తనా బిడ్డా? పానం పోయినా ఆ పని చెయ్య" అనెను. చట్టము చేసినవారు ఆ తల్లి నోట వచ్చు ఈ మాటను ఊహించియుండరు.

ముగ్గురు కొడుకులను ఒకనాడు పిలిపించితిని. వారు దుర్మార్గులు కారు. ఒకరిపై ఒకరికి నమ్మకము లేనివారు. ఒక నోటు పుస్తకము కొని, ఆమె మాత్రల పేర్లు, వేళలు, రక్తపోటు అంకెలు అందు వ్రాసి, బట్టల మూటకు దారముతో కట్టించితిని. పింఛను సొమ్ము ముందుగా మందులకు, పిమ్మటనే మరిదేనికైనను అని ఒప్పించితిని. నెలకొక ఇల్లు మాన్పించి చిన్నవాని ఇంటనే ఉంచి, పెద్దవారిద్దరు బియ్యము, సొమ్ము అచటికే పంపునట్లు చేసితిని. ఆ అవ్వ మరి నాలుగేండ్లు జీవించినది. తుదినాళ్ళలో ఆమె నన్ను గుర్తుపట్టలేదు. చిన్నకోడలి ముఖము మాత్రము తుదివరకు మరువలేదు.

కలవారి గతియు ఇంతకు మిక్కిలి మేలుగా లేదు. హనుమకొండలో పింఛను పుచ్చుకొను ఒక విశ్రాంత అధ్యాపకునికి ఇద్దరు కొడుకులు, ఇద్దరును అమెరికాలో. డాలర్లు వచ్చును, చేతులు రావు. ఆయాలు మూడు నెలల కొకరు మారుదురు. అమెరికాలో ఇట్టివారినెవరు చూతురని ఒకమారు కొడుకునడిగితిని. అచ్చట 1965లో ఏర్పడిన మెడికేర్ అను వృద్ధుల బీమా దీర్ఘకాలపు పరిచర్యకు చెల్లింపదనియు, అదే ఏట పేదలకై ఏర్పడిన మెడికెయిడ్ చెల్లించునుగాని, దాచుకొన్నదంతయు దాదాపు కరగిన పిమ్మటనే చెల్లించుననియు ఆతడు చెప్పెను. అంతటి సంపన్నదేశమునను ఈ చిక్కు తీరలేదు. జర్మనీ 1995లోను, జపాను 2000లోను దీనికి వేరు మార్గము పట్టినవి: వైద్యబీమా వలెనే పరిచర్యకును ప్రత్యేక బీమా ఏర్పరచినవి, జపానులో నలువది యేండ్లు నిండిన ప్రతివారును దానికి చందా కట్టుదురు. జర్మనీలో ఇంటివద్ద పరిచర్య పొందువారికి ఆ నిధి నుండి సొమ్ము ముట్టును, దానిని వారు తమను చూచుకొను ఇంటివారికి ఈయవచ్చును. కొత్తవాడ కోడలి ప్రశ్నకు ఆ దేశమొక జవాబు వెదకుకొన్నది.

మనకు సమీపముననే కేరళ కలదు. కోజికోడులో 1993లో కొందరు వైద్యులు మొదలిడిన ఉపశమన చికిత్స ఊరూర స్వచ్ఛంద సేవకులతో విస్తరించి, 2008లో ఆ రాష్ట్రప్రభుత్వ విధానమైనది. నర్సు ఇంటికి పోయి పుండు కడుగును, పైపు మార్చును, ఇంటివారికి త్రిప్పుట నేర్పును. మన రాష్ట్రమునను ఉపశమన కేంద్రములు వెలసి, ఆలన పేర నర్సులు బండిలో ఇండ్లకు పోవుట మొదలైనది. ఆ బండి ప్రతి మండలమునకు, ప్రతి వాడకు పోవలెను. మంచము పట్టినవారిని చూచుకొను కోడలికో, కూతురికో, భార్యకో, ఆమె నష్టపోవు కూలిలో కొంతయైనను ఆమె పేర చెల్లింపవలెను. శస్త్రచికిత్సకు లక్షలు వెచ్చించు సర్కారునకు ఇది దయాధర్మము కాదు. తాను మొదలిడిన చికిత్సను పూర్తిచేయుట.

తోటి వైద్యులకు నా విన్నపము: ఇంటికి పంపు చీటీపై మాత్రల పేర్లు వ్రాయుటకు ముందు, పగలు ఆ ఇంట ఎవరుందురో అడుగుడు. ఇంటివారికి నా విన్నపము: కార్డు చెల్లినదని ఊరడిల్లకుడు. సదరమునకు పోవుటకు సిగ్గుపడకుడు. పెద్దల పింఛను వారి మందులకే వాడుడు. దిక్కుతోచనినాడు వయోవృద్ధుల సహాయమునకు ఏర్పడిన 14567 నెంబరునకు ఫోను చేయుడు. త్రిప్పు పనిని ఒక్క కోడలిపై వేయక, ఇంటిలోని మగవారును వంతులు వేసికొనుడు. తల్లిదండ్రులను వంతులు వేసికొనుటకంటె అది మేలు. పడకపుండు మొదలగుటకు కొన్ని గంటలు చాలును. మానుటకు నెలలు పట్టును.